మైలాయ్ వైమానికుడు హ్యూ థామ్సన్

యుద్ధవీరుల చరిత్రలు వ్రాసేవారు వారు ఎన్ని కోటలు పట్టుకున్నారో, ఎందరు శత్రువులను హతమార్చారో లెక్కించి చెబుతారు. మేము ఈ పుటలలో పరిచయం చేయదలచిన వీరుని కీర్తి ఆ లెక్కల మీద ఆధారపడినది కాదు. ఆయన అమెరికా సైన్యంలో చిన్న హెలికాప్టర్ నడిపిన ఒక వారంట్ ఆఫీసర్. 1968వ సంవత్సరం మార్చి 16వ తేదీన వియత్నాం దేశంలోని ఒక పల్లెలో, తన దేశపు సైనికులకూ వారు చంపబోతున్న గ్రామస్థులకూ నడుమ ఆయన తన హెలికాప్టర్‌ను దింపాడు. ఆ సాహసం గురించి నేడు పలువురు వ్రాస్తున్నారు. కాని ఆ ఉదయం తరువాత ఆయన గడిపిన ముప్పై సంవత్సరాలను గురించి కూడ తెలుసుకుంటే తప్ప ఆ సాహసానికి ఆయన చెల్లించిన మూల్యం మనకు అర్థం కాదు.

హ్యూ థామ్సన్ 1943 ఏప్రిల్ 15న జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా నగరంలో జన్మించాడు. ఆ నగరానికి సమీపంలోని స్టోన్ మౌంటెన్ అనే చిన్న పట్టణంలో పెరిగాడు. ఆ ఊరి పేరు అమెరికా చరిత్ర చదివినవారికి క్రొత్త కాదు. నల్లజాతివారిని హింసించడమే ధ్యేయంగా గల కూ క్లక్స్ క్లాన్ అనే సంఘం 1915లో పునర్జన్మ ఎత్తినది ఆ కొండ మీదనే. అటువంటి చోట థామ్సన్ తల్లిదండ్రులు జాతివివక్షను బాహాటంగా నిరసిస్తూ, అల్పసంఖ్యాక వర్గాల కుటుంబాలకు చేతనైన సాయం చేస్తూ జీవించారు. తండ్రి విద్యుత్ పనివాడు. రెండవ ప్రపంచయుద్ధంలో సేవ చేసినవాడు. క్రమశిక్షణలో మిక్కిలి కఠినుడు. నాయనమ్మ చెరోకీ అనే ఆదివాసి తెగకు చెందిన స్త్రీ. ఇంటి ఖర్చులకు తోడ్పడడానికి బాల్యంలోనే పొలాలు దున్నిన పిల్లవాడు థామ్సన్. బలహీనుని ఏడిపించేవాడిని చూచి ఊరక ఉండరాదన్న పాఠం ఆయనకు ఏ పుస్తకంలోనూ కాక ఆ ఇంటిలోనే లభించిందని మా నమ్మకం.

1961లో ఉన్నత పాఠశాల చదువు ముగించి నౌకాదళంలో నిర్మాణశాఖలో చేరాడు. 1964లో ఆ కొలువు విడిచి స్వగ్రామానికి తిరిగివచ్చి, అంత్యక్రియలు జరిపించే వృత్తికి అనుమతిపత్రం పొందాడు. మరణించినవారి దేహాలను గౌరవంగా సాగనంపడం, దుఃఖంలో ఉన్న బంధువులతో మృదువుగా మాట్లాడడం ఆ వృత్తిలో నిత్యకృత్యం. వివాహమైంది, సంతానం కలిగింది. వియత్నాం యుద్ధం ముదరగానే తన కర్తవ్యం అక్కడ ఉన్నదని భావించి 1966లో సైన్యంలో చేరాడు. టెక్సాస్‌లోని ఫోర్ట్ వోల్టర్స్‌లోనూ, అలబామాలోని ఫోర్ట్ రక్కర్‌లోనూ హెలికాప్టర్ నడపడం నేర్చుకున్నాడు. 1967 డిసెంబరు చివరిలో భార్యాబిడ్డలను విడిచి వియత్నాం చేరాడు. ఆయన యుద్ధాన్ని వ్యతిరేకించిన శాంతివాది కాడని పాఠకులు గమనించవలెను. స్వచ్ఛందంగా వెళ్ళిన సైనికుడు. తన సైన్యాన్ని ప్రేమించినవాడు.

అక్కడ ఆయనకు అప్పగించిన పని విచిత్రమైనది. ఓ.హెచ్.-23 అనే చిన్న హెలికాప్టర్‌లో ముగ్గురు మాత్రమే కూర్చోగలరు. ముందుభాగమంతా గాజువంటి పారదర్శకమైన బుడగ. దానిలో చెట్ల కొమ్మలకు తగిలేటంత తక్కువ ఎత్తున ఎగురుతూ, శత్రువు తుపాకి పేల్చేటట్లు ఊరించాలి. శత్రువు పేల్చగానే, పైన ఎగురుతున్న రెండు పెద్ద సాయుధ హెలికాప్టర్లు అతనిపై దాడి చేస్తాయి. అంటే చేపలు పట్టేవాడు గాలానికి గ్రుచ్చిన ఎర వంటిదన్న మాట ఈ చిన్న హెలికాప్టర్. ఈ ఉద్యోగంలో దినదినగండమే కాని, ఒక విశేషం మాత్రం ఉన్నది. ఎత్తున ఎగిరే అధికారులకు చుక్కలవలె కనిపించే మనుషులు ఇంత క్రిందుగా ఎగిరేవానికి ముఖాలతో సహా కనిపిస్తారు.

ఆయనతో పాటు ఆ ఉదయం హెలికాప్టర్‌లో ఇద్దరు ఉన్నారు. యంత్రం బాగోగులు చూచే గ్లెన్ ఆండ్రియోటాకు ఇరవై ఏళ్ళు. మరతుపాకి పట్టిన లారెన్స్ కోల్బర్న్‌కు పదునెనిమిది. థామ్సన్‌కు ఇంకా ఇరవైఐదు నిండలేదు. మన కళాశాలలో ఇంటర్మీడియెట్, డిగ్రీ తరగతులలో కూర్చున్న విద్యార్థుల వయస్సు వారిది. ఏది ధర్మమో నిర్ణయించడానికి వారికి లభించిన వ్యవధి కొన్ని నిమిషాలు మాత్రమే.

ఆనాడు క్వాంగ్ న్గాయ్ రాష్ట్రంలోని సన్ మై గ్రామంలోకి, ముఖ్యంగా మైలాయ్ అనే దాని శివారు పల్లెలోకి, కెప్టెన్ మెడినా నాయకత్వంలో ఒక పటాలం దిగింది. శత్రుసేన అక్కడ దాగి ఉన్నదని వారికి చెప్పబడింది. థామ్సన్ పల్లె చుట్టూ తిరిగి చూశాడు. ఆయుధం పట్టుకొని పారిపోతున్న ఒక్కడు తప్ప శత్రువు అన్నవాడే కనిపించలేదు. ఆ హెలికాప్టర్ మీదికి ఒక్క గుండు కూడ రాలేదు. ఇంధనం నింపుకొని తిరిగి వచ్చేసరికి మాత్రం దారుల వెంట, పొలాలలో శవాలు పడి ఉన్నాయి. అవి వృద్ధులవి, స్త్రీలవి, పసిపిల్లలవి. మొదట ఆయన బుద్ధి ఈ దృశ్యానికి సాకులు వెదకింది. ఉదయం ఫిరంగుల గుండ్లకు వీరు బలి అయ్యారేమో అనుకున్నాడు. కొన ఊపిరితో ఉన్నవారి ప్రక్కన ఆకుపచ్చ పొగ గుర్తులు వేసి, వైద్యసహాయం పంపవలసిందిగా క్రిందనున్న దళాలకు రేడియోలో తెలియజేశాడు. తిరిగి వచ్చి చూస్తే గుర్తు పెట్టినవారే చనిపోయి ఉన్నారు. ఒక గాయపడిన యువతి సమీపానికి ఒక కెప్టెన్ నడిచివచ్చి, కాలితో తట్టి, వెనుకకు జరిగి ఆమెను కాల్చడం ముగ్గురూ కళ్ళారా చూశారు. తాను సహాయం కోసం వేసిన గుర్తులు మృత్యువుకు దారి చూపుతున్నాయని అప్పుడు తెలిసింది.

పల్లె తూర్పున ఒక నీటి కాలువ ఉన్నది. దాని నిండా మనుషులు. కొందరిలో ఇంకా కదలిక ఉన్నది. థామ్సన్ హెలికాప్టర్ దింపి అక్కడి సార్జెంటును సాయం అడిగాడు. వారిని ఆ బాధనుండి శాశ్వతంగా తప్పించడమే చేయగల సాయమని అతడు బదులు చెప్పాడు. అంతలో లెఫ్టినెంట్ కాలీ అక్కడికి వచ్చి, నేలమీద జరిగేది తన వ్యవహారమనీ, పైలట్ తన పని తాను చూసుకోవలెననీ హెచ్చరించాడు. హోదాలో అతడు పై అధికారి. థామ్సన్ తిరిగి గాలిలోకి లేచాడు. లేచిన వెంటనే, ఆ కాలువలోనికి మళ్ళీ కాల్పులు జరుగుతున్నాయని ఆండ్రియోటా చెప్పాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగవలసి ఉన్నది. ఎన్.సి.సి. దుస్తులు ధరించిన మన విద్యార్థులకు తెలుసు, సైనికుడు నేర్చుకొనే మొదటి అక్షరం ఆజ్ఞాపాలన. నేల మీద ఉన్న పటాలం పైలట్ క్రింద పనిచేయదు. దానిని శాసించే అధికారం అతనికి లేదు. ఇంత వరకు ఆయన చేసినదంతా నిబంధనలకు లోబడే చేశాడు. గుర్తులు వేశాడు, రేడియోలో చెప్పాడు, దిగి అడిగాడు. ఇటుపైన మిగిలినవి రెండే మార్గాలు. చూడనట్లు వెళ్ళిపోవడం ఒకటి. రెండవది ఏ నియమావళిలోనూ వ్రాసి లేదు.

పల్లె ఈశాన్యంగా కొందరు గ్రామస్థులు ఒక మట్టి గుహవంటి ఆశ్రయంలోకి పరుగెత్తుతున్నారు. వారి వెనుక అమెరికా సైనికులు వస్తున్నారు. థామ్సన్ హెలికాప్టర్‌ను సరిగ్గా ఆ ఉభయుల నడుమ దింపాడు. తాను వెళ్ళి ఆ గ్రామస్థులను బయటికి తెస్తాననీ, ఆ సమయంలో సైనికులు వారి మీద కాని తన మీద కాని కాల్పులు జరిపితే, ఆ సైనికుల మీద తుపాకి పేల్చవలసిందనీ తన అనుచరులిద్దరికీ చెప్పి క్రిందికి దిగాడు. ఆ మాట అనడం ఎంత కష్టమో ఆలోచించండి. అవతల ఉన్నవారు తన దేశస్థులు, ఒకే జెండా క్రింద ప్రమాణం చేసినవారు. కోల్బర్న్, ఆండ్రియోటా ఇద్దరూ మారు మాట్లాడక తుపాకులు పట్టుకొని నిలబడ్డారు. ఎదుటివారిని రెచ్చగొట్టకుండా ఉండేందుకు కోల్బర్న్ తుపాకి మొనను నేలవైపు వంచి ఉంచాడట.

అక్కడి లెఫ్టినెంటును థామ్సన్ సహాయం కోరగా, వారిని బయటికి తీయడానికి తన వద్ద చేతిబాంబులే ఉన్నాయని సమాధానం వచ్చింది. అంతకంటె మంచి ఉపాయం తన వద్ద ఉన్నదని చెప్పి, సైనికులను కదలవద్దని, థామ్సన్ ఒంటరిగా ఆ ఆశ్రయం ముందుకు నడిచాడు. భాష తెలియదు, చేతులతో సైగలు చేసి పిలిచాడు. భయంతో వణుకుతూ ముసలివారు, స్త్రీలు, పిల్లలు పది పన్నెండు మంది ఒక్కొక్కరే బయటికి వచ్చారు. వచ్చిన తరువాత క్రొత్త చిక్కు. తన హెలికాప్టర్‌లో వారికి చోటు లేదు. పైన తిరుగుతున్న పెద్ద హెలికాప్టర్ల పైలట్లు ఆయన మిత్రులు. వారిని రేడియోలో పిలిచాడు. శత్రువులతో పోరాడవలసిన యుద్ధవిమానం నేల మీద దిగి గ్రామస్థులను ఎక్కించుకొని పోవడం ఆ యుద్ధంలో కనీవినీ ఎరుగని సంగతి. అయినా వారు దిగి, రెండు దఫాలుగా అందరినీ సురక్షితంగా తరలించారు. అంతసేపు థామ్సన్ అక్కడే నిలిచి ఉన్నాడు.

అనంతరం తిరిగి కాలువ మీదుగా ఎగురుతుండగా ఆండ్రియోటా కంటికి ఏదో కదిలినట్లు కనిపించింది. మళ్ళీ దిగారు. ఆండ్రియోటా నడుముల దాక శవాలలో దిగబడి నడిచి, రక్తంతో తడిసిన ఒక పసివానిని పైకి తెచ్చాడు. ఆ పిల్లవానికి గాయం మాత్రం తగలలేదు. కోల్బర్న్ ఒడిలో పడుకోబెట్టుకొని క్వాంగ్ న్గాయ్ ఆసుపత్రికి తీసుకొనిపోయారు. ఆ దారి పొడవునా థామ్సన్ కన్నీరు కారుస్తూనే హెలికాప్టర్ నడిపాడు. ఇంటి వద్ద అంత వయస్సు గల కుమారుడు ఆయనకు ఉన్నాడు. వియత్నాం పిల్లవాని ముఖంలో ఆయనకు కనిపించినది ఆ కుమారుడే. ఆసుపత్రిలో ఒక క్రైస్తవ సన్యాసినికి బిడ్డను అప్పగిస్తూ, వీనికి ఇక తనవారంటూ ఎవరూ మిగిలి ఉండకపోవచ్చునని ఆయన చెప్పాడు.

స్థావరానికి చేరగానే ఆగ్రహంతో పై అధికారులకు జరిగినదంతా నివేదించాడు. ఆ వార్త పై వరుసకు చేరి, చంపడం ఆపవలసిందని లెఫ్టినెంట్ కర్నల్ బార్కర్ రేడియోలో ఉత్తరువు ఇచ్చాడు. ఆ ప్రాంతంలోని ఇతర గ్రామాల మీద తలపెట్టిన ఇటువంటి దాడులు కూడ రద్దయ్యాయి. ఆ కారణంగా ఇంకా ఎన్ని వందల మంది బ్రతికిపోయారో చెప్పలేము. మరణించినవారి సంఖ్య అమెరికా సైన్యం లెక్క ప్రకారం 347; ఆ గ్రామంలోని స్మారకచిహ్నం మీద 504 పేర్లు చెక్కబడి ఉన్నాయి.

సైన్యం చేసిన తరువాతి పని ఈ వార్తను పాతిపెట్టడం. బ్రిగేడ్ అధిపతి కర్నల్ హెండర్సన్ థామ్సన్ వాఙ్మూలం విని కూడ, ఇరవైమంది పౌరులు పొరపాటున మరణించారని నివేదిక వ్రాశాడు. థామ్సన్‌కు ఒక ఉన్నత వైమానిక పతకం ప్రకటించారు. దాని యోగ్యతాపత్రంలో ఆయన భీకరమైన ఎదురుకాల్పుల నడుమ ఒక బిడ్డను రక్షించాడని ఉన్నది. ఎదురుకాల్పులు లేనే లేవు! అబద్ధాన్ని ఒప్పుకోమని అడిగే లంచంగా ఆయన దానిని భావించి పారవేశాడు. నాలుగు వారాలు తిరగకుండానే, ఏప్రిల్ 8న, ఆండ్రియోటా యుద్ధంలో హతుడయ్యాడు. థామ్సన్ మాత్రం ఆ ప్రమాదకరమైన పనిలోనే కొనసాగాడు. హెలికాప్టర్ పలుమార్లు తుపాకి గుండ్లకు గురి అయింది. చివరిసారి కూలినప్పుడు వెన్నెముక విరిగి, వైద్యం కోసం ఆయనను జపాన్ తరలించారు.

పాతిపెట్టిన నిజం ఎల్లకాలం దాగలేదు. తోటి సైనికుల వలన ఈ వృత్తాంతం విన్న రాన్ రైడెన్‌అవర్ అనే యువకుడు 1969 మార్చిలో రాష్ట్రపతికి, కాంగ్రెసు సభ్యులకు లేఖలు పంపాడు. విచారణ మొదలైంది. ఆ ఏడు నవంబరులో సేమర్ హెర్ష్ అనే పాత్రికేయుడు దానిని లోకానికి వెల్లడించాడు. థామ్సన్ విచారణ సంఘం ముందు, సైనిక న్యాయస్థానాల ముందు సాక్ష్యమిచ్చాడు. ఇరవైఆరుగురి మీద నేరారోపణలు జరిగాయి. శిక్ష పడినది కాలీ ఒక్కడికే. 1971లో ఇరవైరెండు హత్యలకు యావజ్జీవశిక్ష వేసి, దానిని తగ్గిస్తూ వచ్చి, మూడున్నర సంవత్సరాల గృహనిర్బంధంతో సరిపెట్టారు. అతడు 2024 వరకు జీవించాడు.

థామ్సన్ విషయం వేరు. ప్రతినిధుల సభ సాయుధదళాల కమిటీ అధ్యక్షుడు మెండెల్ రివర్స్, ఈ వ్యవహారంలో శిక్షింపదగిన వ్యక్తి ఎవడైనా ఉంటే అమెరికా సైనికుల వైపు తుపాకి త్రిప్పిన ఈ పైలటేనని వాదించాడు. చంపుతామని బెదిరించే ఉత్తరాలు వచ్చాయి. అర్ధరాత్రి టెలిఫోన్లు వచ్చాయి. తెల్లవారి తలుపు తెరిస్తే గుమ్మం ముందు చచ్చిన జంతువులు పడి ఉండేవి. అధికారుల క్లబ్బులో ఆయన అడుగు పెడితే మిగిలినవారు లేచి వెళ్ళిపోయేవారు. తమ కుటుంబం మీదికి ఎవరో వస్తారన్న భయంతో ఆ ఇంటిలో రాత్రులు ఎలా గడిచాయో ఊహించుకొనడం కష్టం కాదు.

ఆయనను ఆదర్శ గృహస్థునిగా చిత్రించడం మా ఉద్దేశం కాదు. అది సత్యం కాదు. బిడ్డలను ప్రాణంగా చూసుకున్న తండ్రే. కాని పీడకలలు, మద్యపానం, విడాకులు ఆయన జీవితంలో చోటు చేసుకున్నాయి. వాటిని ఆయన దాచుకోలేదు. తన కుమారుని పోలికను పరదేశపు పిల్లవానిలో చూడగలిగిన హృదయం తన ఇంటిని నిలుపుకొనలేకపోవడం విచారకరం. అయితే ఆ లోపాన్ని ఆయన ఒక్కని ఖాతాలో వ్రాయడం అన్యాయమని మాకు తోస్తుంది. గుమ్మంలో మృతకళేబరాలు పడవేసినవారికి కూడ అందులో పాలు ఉన్నది.

సైన్యంలోనే ఉండి, హెలికాప్టర్ శిక్షకునిగా పనిచేసి, 1983లో మేజర్ హోదాతో విరమించాడు. తరువాత మెక్సికో సింధుశాఖలోని చమురు బావులకు హెలికాప్టర్ నడిపాడు. అటుపిమ్మట లూసియానా రాష్ట్రంలో మాజీ సైనికుల బాగోగులు చూచే శాఖలో ఉద్యోగిగా, యుద్ధం వలన మనస్సు చెదరినవారికి సలహాలు చెప్పేవాడు. ఆ పనికి ఆయనకంటె అర్హుడు ఎవరు?

1989లో బ్రిటిష్ టెలివిజన్ వారు మైలాయ్ గురించి ఒక చిత్రం నిర్మించారు. దానిలో థామ్సన్‌ను చూచిన డేవిడ్ ఈగన్ అనే ఆచార్యుడు, ఈయన దక్షిణ కెరొలినాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయానికి చెందినవాడు, ఆ పైలట్‌కు గుర్తింపు లభించవలెనని పట్టుపట్టి సంవత్సరాల తరబడి అధికారులకు లేఖలు వ్రాశాడు. ప్రభుత్వం చివరికి అంగీకరించింది కాని, చడీచప్పుడు లేకుండ పతకం చేతిలో పెట్టి పంపాలని చూసింది. థామ్సన్ ఒప్పుకోలేదు. తన ఇద్దరు సహచరులకు కూడ ఇవ్వాలి, వాషింగ్టన్‌లోని వియత్నాం స్మారక కుడ్యం వద్ద అందరి ఎదుట ఇవ్వాలి అన్నాడు. 1998 మార్చి 6న అలాగే జరిగింది. ఆ కుడ్యం మీదనే ఆండ్రియోటా పేరు చెక్కి ఉన్నది. వారికి లభించిన సోల్జర్స్ మెడల్, శత్రువుతో ప్రత్యక్ష పోరాటంతో సంబంధం లేని సాహసానికి ఇచ్చే పురస్కారం. ఎదురుగా నిలిచినది సొంత సైన్యమే గనుక ఆ నిర్వచనం సరిపోయింది కాబోలు! వెస్ట్ పాయింట్, అనాపోలిస్ వంటి సైనిక విద్యాలయాలు ఆ తరువాత ఆయనను ఆహ్వానించి ఉపన్యాసాలు ఇప్పించాయి.

ఆ నెలలోనే థామ్సన్, కోల్బర్న్ ఇద్దరూ ముప్పై సంవత్సరాల తరువాత సన్ మై గ్రామానికి వెళ్ళారు. ఆనాడు రక్షింపబడిన స్త్రీలు వారిని కలుసుకున్నారు. గ్రామంలో పిల్లల కోసం ఒక ప్రాథమిక పాఠశాల ప్రారంభమైంది. అప్పుడు ఒక స్త్రీ థామ్సన్ వద్దకు వచ్చి, ఆ ఘోరం చేసినవారు మీతో ఎందుకు రాలేదని అడిగింది. ఆయన తల్లడిల్లిపోయాడు. ఆమె వాక్యం పూర్తి కాలేదు. వారు వచ్చి ఉంటే మేము క్షమించి ఉండేవారము కదా అన్నది ఆమె భావం. అంతటి క్షమ తనకు మాత్రం సాధ్యం కాదని థామ్సన్ తరువాత ఒప్పుకున్నాడు.

2006 జనవరి 6న లూసియానాలోని మాజీ సైనికుల ఆసుపత్రిలో, క్యాన్సర్ వ్యాధితో, తన 62వ ఏట హ్యూ థామ్సన్ కన్నుమూశాడు. ఆ చివరి దినాలలో అట్లాంటా నుండి వచ్చి మంచం ప్రక్కన ఉన్నవాడు కోల్బర్న్. లఫయెట్ పట్టణంలో సైనిక లాంఛనాలతో ఖననం జరిగింది. మూడుసార్లు తుపాకులు పేల్చి వందనం చేశారు. ఆ సమయంలో సమాధి మీదుగా ఒక హెలికాప్టర్ ఎగిరి వెళ్ళింది.